పల్లె నుండి పల్లెకు నడచిన పిలుపు

కొల్లేటి లంకలలో తెల్లవారుజామున దోనెలు కదలడం చూచినవారికి గలిలయ సరస్సు ఒడ్డున జరిగిన కథ కొత్తగా తోచదు. వలలు బాగుచేసుకొంటున్న జాలరులను యేసు పిలిచినాడు. వారు వలలు విడిచి ఆయన వెంట నడిచినారు. వెళ్లి సమస్త జనులను శిష్యులుగా చేయుమని వారికి ఆయన అప్పగించిన పని. ఆ పిలుపు మన ఏలూరు ప్రాంతాలకు ఏ దారిని వచ్చినదో ఈ ప్రసంగంలో మేము విచారింపదలచినాము.

1841లో చర్చి మిషనరీ సొసైటీ పంపగా రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు మచిలీబందరు చేరినారు. నోబుల్ 1843లో అక్కడ ఇంగ్లీషు బడి పెట్టినాడు. అగ్రవర్ణాల యువకులు ముందు క్రైస్తవులైతే, వారి మూలంగా తక్కిన సంఘానికి ఆ మతం దిగివచ్చునని ఆయన తలంపు. అందుచేత అస్పృశ్యులని ఎంచబడిన కులాల పిల్లలకు ఆ బడిలో చోటు లేకపోయినది. కొద్దిమంది విద్యార్థులు బాప్తిస్మం పొందినారు. అందుకు బదులుగా ఇంటినీ బంధువులనూ పోగొట్టుకొన్నారు. 1854లో ఏలూరులోనూ ఆ సొసైటీ స్థానం ఏర్పడినది. అయినా ధార సన్నగానే సాగినది.

వెల్లువ వచ్చినది వేరొక దిక్కు నుండి. ఏలూరుకు పొరుగున కృష్ణా సీమలో రాఘవాపురమనే గ్రామం ఉన్నది. అక్కడి మాలపల్లెలో పాగోలు వెంకయ్య అనే పెద్ద ఉండేవాడు. విగ్రహాలలో దేవుడు లేడన్న మాట ఒకటి ఆయన చెవిని పడినది. ఆనాటి నుండి, పేరు తెలియని ఆ దేవుని తనకు అగుపడుమని ప్రార్థించుచుండెనట. 1859లో బెజవాడలో డార్లింగు దొర ఉన్నాడని విని, తానే వెదకుకొంటూ పోయినాడు. ఆ యేడే బాప్తిస్మం పుచ్చుకొన్నాడు.

వెంకయ్య అంతటితో ఊరకుండలేదు. చుట్టాల ఇండ్లకు పోయి తాను విన్నది చెప్పినాడు. వారు తమ వారికి చెప్పినారు. పెండ్లి సంబంధాలు కలిపిన బాటలే సువార్తకు బాటలైనవి. నోబుల్ పైనుండి దిగివచ్చునని ఎదురుచూచినది, బడి గడప తొక్కనీయని వారి పల్లెలలో మొలకెత్తినది.

ఈ రహస్యం గ్రహించినవాడు అజరయ్య. తిరునెల్వేలి సీమలో పుట్టి, తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్ బిషప్పైనాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయనే. కృష్ణా సీమ సంఘాలు తరువాత ఆయన ఏలుబడిలోకి వచ్చినవి. బాప్తిస్మం పొందిన ప్రతివాడూ తలపై చేయి ఉంచుకొని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ అని పలికేటట్లు ఆయన నేర్పినాడు. కూలివాడైనా, చదువురానివాడైనా సరే, శిష్యుడైతే శిష్యులను చేయవలసినదే.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ సంఘాలు అందులో చేరినవి. అయితే పిలుపుకు వెల తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూలంగా, క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులాల హోదా దక్కదు. సంఘంలోపల కులం గీతలు కూడా పూర్తిగా చెరిగిపోలేదు.

ఏలూరు నుండి తాడేపల్లిగూడెం పోయే దారిలో పల్లెల నడుమ చర్చి శిఖరాలు కనబడినప్పుడు, వాటిని దొరల కట్టడాలని మాత్రమే తలచరాదు. చుట్టాల ఇంటికి మంచి మాట మోసుకొనిపోయిన సామాన్యుల అడుగులు వాటి పునాదులలో ఉన్నవి.