చివర చెయ్యి పెట్టినవాడిదే

యూనిక్స్ మొదటి మాన్యువల్ మీద 1971 నవంబరు 3 అని తేదీ ఉంటుంది. ఇప్పటికీ నెట్‌లో దొరుకుతుంది, ఓపికున్నవాళ్ళు తిరగెయ్యొచ్చు. ఒక్కో కమాండుకి ఒక్కో పేజీ: పేరు, వాడే పద్ధతి, అది చేసే పని, తెలిసిన లోపాలు. అన్నిటికంటే అడుగున 'ఓనర్' అని ఒక వరస. అక్కడ 'కెన్' అనో 'డీఎంఆర్' అనో ఉంటుంది. అంటే కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ. ఈ ఓనర్ ఎవరో ముందుమాటలో చెప్పారు. ఏదైనా తేడా వస్తే వెళ్ళి అడగాల్సిన మనిషి. ఆ ప్రోగ్రాం రాసినవాడే కానక్కర్లేదు. ఎవరు చివరిసారి అందులో చెయ్యి పెట్టి మార్చారో, అది వాళ్ళది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేసేవాళ్ళకి ఈ నియమం వినగానే కొంచెం గుండె ఝల్లుమంటుంది. ఐదు టీములు వాడే ఒక లైబ్రరీ ఉంటుంది. అందులో ఒక బగ్ ఉందని ఐదు టీములకీ తెలుసు. బాగుచెయ్యడానికి ఒక పూట చాలు. ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే అది మన మెడకి చుట్టుకుంటుంది, పైగా ఆ పూట మన టికెట్ల లెక్కలోకి రాదు, అప్రైజల్లో మేనేజర్ అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

గొర్రె చావకుండా చూడ్డానికి కంపెనీలు డబ్బై ఏళ్ళుగా తంటాలు పడుతున్నాయి. ఆ చరిత్రలో నాకు నచ్చిన కొన్ని ఘట్టాలు చెప్తాను. అన్నీ చెప్పే ఉద్దేశం లేదు.

మొదటిది లాస్ ఏంజెలిస్‌లో. ఐబీఎం 701 అనే యంత్రం మొత్తం 19 మాత్రమే తయారైంది. కొన్నవాళ్ళలో చాలామంది విమానాల కంపెనీలు: డగ్లస్, లాక్‌హీడ్, నార్త్ అమెరికన్. వ్యాపారంలో ఒకరికొకరు పోటీ. కానీ ఆ రోజుల్లో యంత్రంతోపాటు సాఫ్ట్‌వేర్ పెద్దగా వచ్చేది కాదు. వర్గమూలం కట్టడానికి, మాత్రికని తిరగెయ్యడానికి, ఫలితాన్ని కాగితం మీద అచ్చెయ్యడానికి ప్రతి కంపెనీలోనూ ఒకడు కూర్చుని అదే ప్రోగ్రాం మళ్ళీ రాసేవాడు. దాంతో 1954 చివర్లో ఈ పోటీదారులే కలిసి ప్యాక్ట్ అని ఒక ఉమ్మడి ప్రాజెక్టు మొదలుపెట్టారు. తర్వాత 701 పోయి 704 వస్తోందనగా, 1955 ఆగస్టులో శాంటా మోనికాలోని ర్యాండ్ కార్పొరేషన్‌లో కలుసుకుని షేర్ అనే సంఘం పెట్టుకున్నారు. చేసిన పనే మళ్ళీ చెయ్యకుండా కాపాడే సంఘం అని ఆ అక్షరాలకి అర్థం తర్వాత అతికించారు.

షేర్ వాళ్ళు 704 కోసం ఒకే అసెంబ్లర్ వాడాలనుకున్నారు. ఎంచుకున్నది యునైటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీలో రాయ్ నట్ రాసినది. దాన్ని యూఏసాప్ అనేవారు. ఆ ముందున్న 'యూఏ' కంపెనీ పేరే. దేశమంతా వాడే పనిముట్టు మీద ఫలానావాళ్ళ కార్ఖానాలోంచి వచ్చిందని చెక్కి ఉందన్నమాట. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఈ కథలో చివరిదాకా మనతో వచ్చేది ఇదే. ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. పేరు మాత్రం చెరపలేదు.

ఇక బెల్ ల్యాబ్స్. న్యూజెర్సీలో మర్రే హిల్. యూనిక్స్ అక్కడ పుట్టిన తీరు గురించి చాలామంది రాశారు కాబట్టి అవన్నీ వదిలేస్తాను. నాకు కావాల్సింది అక్కడి పని వాతావరణం. సోర్సు కోడ్ అందరికీ అందుబాటులో ఉండేది. ఎవరికి ఏది నచ్చకపోతే వాళ్ళే తెరిచి మార్చేవాళ్ళు. పైగా టెర్మినళ్ళన్నీ పెట్టిన ఒక గది, అందులో కాఫీ, కబుర్లు. కోడ్‌లో పెంట చేస్తే పక్క కుర్చీలోవాడికి సాయంత్రంలోపు తెలిసిపోతుంది.

డగ్ మెక్‌ఇల్‌రాయ్ అనే పెద్దమనిషి 1964 నుంచీ ఒకటే పాట పాడుతున్నాడు: తోటలో నీళ్ళ గొట్టాలు ఒకదానికొకటి తగిలించినట్టు ప్రోగ్రాములని తగిలించగలగాలి. 1968లో జర్మనీలో గార్మిష్‌లో జరిగిన నేటో సమావేశంలో సాఫ్ట్‌వేర్ భాగాలని కార్ఖానా సరుకులా తయారుచెయ్యాలని కూడా వాదించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చివరికి 1973 జనవరిలో థాంప్సన్ ఒక్క రాత్రిలో ఆ పైపుల్ని రాసి పడేశాడు. కథలో అసలు మలుపు మర్నాడు. ఆ గదిలో ఉన్నవాళ్ళంతా తమతమ ప్రోగ్రాములని పైపుల్లో ఇమిడేలా మార్చుకుంటూ, ఇదిగో దీన్నీ దాన్నీ కలిపితే ఏమొచ్చిందో చూడు అని ఒకరికొకరు చూపించుకుంటూ గడిపారు. ఎవరూ సర్క్యులర్ పంపలేదు. టార్గెట్లు లేవు. తన ప్రోగ్రాం పక్కవాడి ప్రోగ్రాంతో కలవకపోతే ఆటలోంచి తప్పుకున్నట్టే, అంతే.

బాగానే ఉంది, మరి జీతం ఎలా పెరిగేది? బ్రయన్ కెర్నిహాన్ తన జ్ఞాపకాల పుస్తకంలో ఆ వివరం ఇచ్చాడు. ఏడాదికోసారి ప్రతివాడూ తను చేసిన పని ఒక కాగితానికి ఒక వైపు సరిపడా రాసిచ్చేవాడు. పై అధికారులు కూర్చుని అందరి గురించీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ అధికారులు కూడా ఒకప్పుడు అదే పని చేసినవాళ్ళు, ఏది మంచి పనో చూస్తే పోల్చుకోగలరు. అయితే దీన్ని ఆదర్శంగా చూపించేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు. వెనక ఏటీ అండ్ టీ అనే గుత్తాధిపత్యం ఉంది. దేశంలో ఫోన్ మోగినప్పుడల్లా వాళ్ళకి డబ్బు వస్తుంది. వచ్చే శుక్రవారానికి రిలీజ్ లేదు. అంత నిశ్చింతలో పుట్టిన మర్యాదల్ని క్వార్టర్ లెక్కల మధ్య బతికే టీము మీద రుద్దితే అతుక్కోవు.

లెక్కల మాట వచ్చింది కాబట్టి 1982లో ఆపిల్‌లో జరిగినది చెప్పాలి. లీసా కంప్యూటర్ తయారవుతోంది. మేనేజర్లు ప్రతి ఇంజనీరూ వారానికి ఎన్ని లైన్ల కోడ్ రాశాడో ఫారం నింపమన్నారు. బిల్ ఆట్కిన్సన్ ఆ వారం క్విక్‌డ్రాలో ఒక భాగాన్ని తిరగరాసి దాన్ని ఎన్నో రెట్లు వేగంగా, చిన్నదిగా చేశాడు. సుమారు 2000 లైన్లు తగ్గాయి. ఫారంలో మైనస్ 2000 అని రాసిచ్చాడు. కొన్ని వారాల తర్వాత ఆయన్ని ఇక ఫారం నింపక్కర్లేదన్నారు. దీన్ని అందరూ జోకుగా చెప్పుకుంటారు గానీ, నాకు ఇందులో దిగులే ఎక్కువ కనిపిస్తుంది. ఆట్కిన్సన్ కాబట్టి చెల్లింది. పేరులేని జూనియర్ అయితే వచ్చేవారం నుంచి లైన్లు పెంచడం నేర్చుకునేవాడు.

సరే, లైన్లు లెక్కపెట్టడం తప్పు. నేరుగా డబ్బిస్తే? దీనికి నాకు తెలిసిన అతి మంచి జవాబు సాఫ్ట్‌వేర్ వాళ్ళ దగ్గర్నించి కాదు, ఫోటోకాపీ యంత్రాలు బాగుచేసేవాళ్ళ దగ్గర్నించి వచ్చింది.

జెరాక్స్ కంపెనీకి వేలమంది రిపేర్ టెక్నీషియన్లు ఉండేవాళ్ళు. జూలియన్ ఆర్ అనే మానవ శాస్త్రవేత్త వాళ్ళ వెంట తిరిగి చూశాడు. కంపెనీ ఇచ్చిన లావుపాటి మాన్యువల్‌లో లేని రోగాలు యంత్రాలకి వస్తుంటాయి. వాటికి మందు టెక్నీషియన్లు టిఫిన్ల దగ్గరా భోజనాల దగ్గరా చెప్పుకునే కథల్లో ఉంటుంది. అది గమనించాక 1990లలో జెరాక్స్ పరిశోధన కేంద్రం వాళ్ళు యురేకా అనే వ్యవస్థ కట్టారు. ఒకడు కనిపెట్టిన చిట్కా అందరికీ అందాలి. ముందు ఫ్రాన్స్‌లో పెట్టారు. చిట్కాకి ఇంత అని బహుమతి ఇద్దామా అన్న ప్రశ్న వచ్చింది. వద్దన్నది మేనేజ్‌మెంటు కాదు, టెక్నీషియన్లే! డబ్బు పెడితే జనం ఏదో ఒకటి రాసి పడేస్తారు, మంచివి చెత్తలో కలిసిపోతాయి అన్నారు. వాళ్ళు అడిగింది రెండే. చిట్కాని ఆ యంత్రం బాగా తెలిసిన తోటి టెక్నీషియన్ పరీక్షించి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక దాని మీద కనిపెట్టినవాడి పేరు ఉండాలి.

పేరంటే కీర్తికండూతి అనుకుంటే పొరపాటు. పేరు పెట్టినవాడు తప్పు చిట్కా ఇస్తే రేపు వాడికే ఫోను వస్తుంది. యూనిక్స్ మాన్యువల్‌లో ఓనర్ వరస చేసిన పనీ అదే. ఒకే వరస పొగడ్తకీ తిట్టుకీ చిరునామా.

బహుమతులు పెడితే ఏమవుతుందన్న టెక్నీషియన్ల భయం ఉత్తిది కాదని 2020 అక్టోబరులో లోకమంతా చూసింది. హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే పండగలో అప్పట్లో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి నాలుగు మార్పులు పంపిస్తే టీషర్ట్ ఇచ్చేవాళ్ళు. ఆ ఏడు జనం వివరణ ఫైళ్ళలో ఒక విశేషణం అటూ ఇటూ చేర్చి వేలకొద్దీ పంపారు. ప్రాజెక్టులు నడిపేవాళ్ళు తలలు పట్టుకున్నారు. నిర్వాహకులు పండగ మధ్యలోనే నియమాలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకి మాత్రమే లెక్క అన్నారు. ఒక్క టీషర్ట్ కోసం!

దీనికి ఎదురుగా, కరీం లఖానీ, రాబర్ట్ వుల్ఫ్ 287 ప్రాజెక్టుల్లోని 684 మంది ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్లని అడిగి 2005లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఆ పనిలో దొరికే సృజనానందమే అన్నిటికన్నా బలమైన కారణంగా తేలింది. కానీ అదే సర్వేలో చెప్పుకోదగ్గంతమందికి ఆ పనికి ఏదో రూపంలో డబ్బు ముడుతోంది కూడా. ఆనందం వేరు, అన్నం వేరు అని విడదీసి మాట్లాడేవాళ్ళు ఈ రెండో సగం చదవరు.

ఓపెన్ సోర్స్ పద్ధతిని కంపెనీ గోడల లోపలే పాటించడానికి ఇన్నర్ సోర్స్ అన్న మాట 2000లో టిమ్ ఓరైలీ వాడాడు. మాట పుట్టకముందే పని మొదలైన చోట్లున్నాయి. అందులో ఒకటి, విచిత్రంగా, బెల్ ల్యాబ్స్ వారసత్వం దక్కిన లూసెంట్. ఇంటర్నెట్ మీద ఫోన్ మాట్లాడ్డానికి వాడే సిప్ అనే ప్రోటోకాల్‌కి అక్కడ ఒక పరిశోధకుడు కోడ్ రాసుకున్నాడు. వేర్వేరు ప్రోడక్టుల టీములు మాకూ కావాలని వచ్చాయి. ప్రతి టీమూ ఒక కాపీ తీసుకెళ్ళి తన అవసరానికి కోసుకుంది. కొన్నాళ్ళకి ఆ కాపీలు అన్నదమ్ముల పిల్లల్లా పోలికలుండి కూడా పలకరించుకోని స్థితికొచ్చాయి. మళ్ళీ ఒకచోటికి తేవడానికి పని పడింది. విజయ్ గుర్బానీ, అనీటా గార్వర్ట్, జేమ్స్ హెర్బ్స్‌లెబ్ దీని మీద 2006లో రాసిన పత్రం ఈ రంగంలో ఇప్పటికీ చదవదగ్గది. పట్టి చూస్తే అడ్డం పడింది బద్ధకం కాదు, గడువులు. నా మార్పుని అందరికీ పనికొచ్చేలా మలచడానికి పట్టే అదనపు వారం నా ప్రోడక్టు ఖాతాలో పడుతుంది, లాభం పక్కవాళ్ళ ఖాతాలో పడుతుంది. ఆ వారం ఎవరిస్తారు?

గూగుల్ ఆ వారాన్ని ముందే ఇచ్చేశాం అంది. 2004లో షేర్లు అమ్ముతూ వ్యవస్థాపకులు రాసిన ఉత్తరంలో 20 శాతం సమయం గురించి ఉంది. అది నిజానికి 120 శాతం అని, అక్కడ పనిచేసి బయటికొచ్చిన మరిస్సా మేయర్ తర్వాత ఎద్దేవా చేసింది. అయినా ఆ సందులోనే ఒక ముచ్చటైన పని జరిగింది. కోడ్‌కి పరీక్షలు రాసే అలవాటు చెయ్యాలని కొందరు ఇంజనీర్లు స్వచ్ఛందంగా గుంపుకట్టారు. అధికారం లేదు, ఎవరినీ ఆజ్ఞాపించలేరు. ఒక్కో పేజీ పాఠం రాసి ఆఫీసు టాయిలెట్లలో కూర్చున్నవాడి కంటికెదురుగా అంటించారు. చదవక చస్తాడా?

పేపాల్‌లో 2010లలో డనీస్ కూపర్ వచ్చి ఇన్నర్ సోర్స్ మొదలుపెట్టినప్పుడు బయటపడ్డ చిక్కు మాత్రం పాతదే, తిరగబడి వచ్చింది. బయటి టీమువాడు వచ్చి కోడ్ ఇస్తానంటాడు. సొంత టీము తీసుకోదు. వాడు ఇచ్చేసి వెళ్ళిపోతాడు, అర్ధరాత్రి పగిలితే లేవాల్సింది మేము కదా అని. ఇవ్వడానికి మనుషుల్ని ఒప్పించడం ఒక ఎత్తు, పుచ్చుకోవడానికి ఒప్పించడం ఇంకో ఎత్తు. మేనేజ్‌మెంటు పుస్తకాలు మొదటిదాని గురించే రాస్తాయి.

దీనికి వాళ్ళు పెట్టుకున్న ఏర్పాటు 30 రోజుల వారంటీ. కోడ్ లోపలికి వెళ్ళిన రోజు నుంచి నెల్లాళ్ళు దాన్లో బగ్ వస్తే ఇచ్చిన టీమే వచ్చి బాగుచెయ్యాలి. ఆ పని ఉంటుందని ఇచ్చేవాళ్ళ మేనేజర్ కూడా ముందే ఒప్పుకోవాలి. 31వ రోజు నుంచి అది పుచ్చుకున్న టీముది. 1971 నాటి నియమం ప్రకారమైతే ఇంకొకడు వచ్చి ముట్టుకునేదాకా ఇచ్చినవాడిదే.