కుష్ఠమన్న మాటకు హద్దులు

పాఠంలో తామర అన్న మాట వచ్చినప్పుడల్లా తరగతిలో పిల్లలు నవ్వేవారు. నేను పద్యానికి అర్థం చెబుతూ ఉంటే వెనుక బల్ల మీదివాడెవడో మోచేయి గోక్కుని పక్కవాడికి చూపించేవాడు. పువ్వుకూ దురదరోగానికీ ఒకే మాట ఉండడం వాళ్ళకు వేడుక. నాకు మాత్రం చరకసంహితలోని పుండరీకం గుర్తుకు వచ్చేది. పుండరీకమంటే తెల్లతామర. మధ్య తెల్లగా, అంచులు ఎర్రగా, తామరరేకును పోలి ఉండే మచ్చ గనుక ఒక కుష్ఠానికి ఆ పేరు పెట్టారు.

మన ప్రాచీన వైద్యులు చర్మవ్యాధులకు పెట్టిన పేర్లు చూస్తే వాళ్ళు అలంకారశాస్త్రం కూడా చదివినవాళ్ళా అనిపిస్తుంది. మేడిపండులా ఉన్నది ఔదుంబరం. నల్లని కుండపెంకులా ఉన్నది కపాలం. దుప్పి నాలుకలా గరుకుగా ఉన్నది ఋష్యజిహ్వం. గురువిందగింజ రంగుది కాకణకం. అన్నీ ఉపమలే. చరకుడూ సుశ్రుతుడూ ఇద్దరూ ఏడు మహాకుష్ఠాలు, పదకొండు క్షుద్రకుష్ఠాలు, మొత్తం పద్ధెనిమిది అని లెక్క చెప్పారు. లెక్క కుదిరింది గాని జాబితా కుదరలేదు. దద్రువును సుశ్రుతుడు మహాకుష్ఠాలలో చేర్చితే చరకుడు క్షుద్రకుష్ఠాలలో చేర్చాడు. సిధ్మం విషయంలో సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ఉపమ కవికి అలంకారం. వైద్యుడికి మాత్రం అది చాలదు. నేను చూసిన దుప్పి నాలుక మీరు చూసి ఉండకపోవచ్చు. వైద్యుడికి కావలసింది లక్షణం. లక్షణం చెప్పేటప్పుడు మూడు దోషాలు రాకూడదని తర్కశాస్త్రం మాకు నేర్పింది. చెప్పవలసిన వాటిలో కొన్నింటికి వర్తించకపోతే అవ్యాప్తి. వాటికి వెలుపలివాటికి కూడా వర్తిస్తే అతివ్యాప్తి. దేనికీ వర్తించకపోతే అసంభవం. కుష్ఠమన్న మాటకు పట్టిన దోషం అతివ్యాప్తి. 'కుష నిష్కర్షే' అని ధాతువు, అంటే పెరికివేయడం. శరీరాన్ని చెడగొట్టే చర్మరోగం ఏదైనా ఆ పేరు కిందికి వచ్చింది. దురద పెట్టేది, పొలుసులు రాలేది, వేళ్ళు ఊడిపోయేది, అన్నీ కుష్ఠాలే.

శాస్త్రకారులకు తేడా తెలియదనడం అన్యాయమవుతుంది. చర్మం తెల్లబడే కిలాసం కూడా కుష్ఠభేదమేనంటూనే, అది చర్మానికే పరిమితమనీ, స్రావం ఉండదనీ సుశ్రుతుడు వేరుచేసి చెప్పాడు. కుష్ఠానికి పూర్వరూపాలు చెబుతూ చరకుడు స్పర్శ తెలియకపోవడాన్ని పేర్కొన్నాడు. చూసిన కన్నులు నిశితమైనవే. అయితే సుశ్రుతుడు కుష్ఠాన్ని ఒకరి నుంచి ఒకరికి సంక్రమించే రోగాలలో కూడా చేర్చాడు. గ్రంథంలోని సూక్ష్మభేదాలు గ్రంథంలోనే ఉండిపోయి, కుష్ఠమన్న మాటా, అంటుకుంటుందన్న భయమూ మాత్రం ఊళ్ళోకి వచ్చాయి.

ఆ మాటను ఒక తరగతి గదిలోకి తెచ్చినవాణ్ణి నేనే. 1989లో ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఒక పిల్లవాడికి పెదవుల అంచున, వేళ్ళ కొసల మీద పాలలాంటి తెల్లమచ్చలు పుట్టాయి. అదేమి రోగమండీ అని మరొకడు అడిగాడు. అమరకోశం మనుష్యవర్గంలో కుష్ఠ, శ్విత్ర పదాలు ఒకే సమాసంలో పక్కపక్కన ఉంటాయి. చిన్నప్పుడు వల్లెవేసినది నోటికి ముందు వస్తుంది. "దానిని సంస్కృతంలో శ్విత్రమంటారు, శ్వేతకుష్ఠమని కూడా అంటారు" అన్నాను, పాండిత్యం చూపించుకునే అవకాశం దొరికిందన్న సంతోషంతో. మధ్యాహ్నానికి అందులో శ్వేతం పోయి కుష్ఠం మిగిలింది. మర్నాడు ఆ పిల్లవాడి బల్ల మీద ఎవరూ కూర్చోలేదు. మంచినీళ్ళ కుండ దగ్గర వాడి గ్లాసు వేరయింది. నాలుగు రోజులకు తల్లి వచ్చి వరండాలో స్తంభం పక్కన నిలబడి, "పంతులుగారూ, మావాడిది పెద్దరోగమని మీరన్నారటండీ?" అని అడిగింది.

ఈ తప్పు మన ఒక్కరిదే కాదని చాలా ఏళ్ళ తరువాత చదివి తెలుసుకున్నాను. గ్రీకుభాషలో లెప్రా అంటే పొలుసులు రాలే చర్మరోగం. నిజమైన కుష్ఠును గ్రీకు వైద్యులు ఎలిఫాంటియాసిస్ అన్నారు. బైబిలు పాతనిబంధనలోని లేవీయకాండంలో జారాఅత్ అన్న హీబ్రూ మాట ఉంది. చర్మం మీది మచ్చలకే కాక బట్టలకు, ఇంటిగోడలకు పట్టే మరకలకు కూడా వర్తించే అపవిత్రత అది. ఆ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చినవారు దానికి లెప్రా అన్న మాట వాడారు. మరల పదకొండో శతాబ్దంలో ఇటలీలో కాన్‌స్టంటైన్ అనే పండితుడు అరబ్బీ వైద్యగ్రంథాలను లాటిన్‌లోకి తెస్తూ, అసలు కుష్ఠును చెప్పే జుదాం అన్న మాటకు కూడా లెప్రా అనే రాశాడు. పొలుసులరోగం, మతం విధించిన మైల, వేళ్ళు తినేసే వ్యాధి, మూడూ ఒకే మాట కింద చేరాయి. అక్కడా అతివ్యాప్తే. చేసినవాళ్ళు అనువాదకులు, అంటే మా భాషాపండితుల జాతివాళ్ళే.

ఈ చిక్కును విప్పడానికి పూనుకున్నవారిలో ముఖ్యుడు రాబర్ట్ విల్లన్. (పేరు చూసి పొరబడవద్దు, చాలా మంచివాడు.) 1757లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో క్వేకర్ కుటుంబంలో పుట్టి, లండన్‌లో కేరీ స్ట్రీట్‌లోని బీదల వైద్యశాలలో పనిచేశాడు. అంతకుముందే 1776లో వియన్నాలో ప్లెంక్ అనే వైద్యుడు చర్మవ్యాధులను పద్నాలుగు తరగతులు చేశాడు. విల్లన్ దానిని మరింత బిగించాడు. రోగానికి కారణమేమిటి, ఏ ధాతువు చెడింది అన్న చర్చ పక్కనపెట్టి, కంటికి ఏమి కనబడుతున్నది, వేలికి ఏమి తగులుతున్నది అని మాత్రమే అడిగాడు. ఆ ప్రకారం ఎనిమిది వర్గాలు ఏర్పరచి, ఒక్కొక్క మాటకు హద్దు గీశాడు. 1798 నుంచి 1808 వరకు భాగాలు భాగాలుగా, రంగు బొమ్మలతో గ్రంథం వెలువరించాడు. నాలుగు వర్గాలు పూర్తయ్యాయి. 1812లో కన్నుమూశాడు. మిగిలిన పనిని శిష్యుడు థామస్ బేట్‌మన్ 1813లో పూర్తిచేశాడు.

ఆ ఎనిమిదింటినీ తెలుగులో చెప్పుకుందాం. రంగు మారి, చర్మానికి సమంగా ఉంటే మచ్చ. కళ్ళు మూసుకుని వేలితో రాస్తే అది చేతికి తెలియదు. తెలిసిందంటే అది మచ్చ కాదు. లోపల నీరూ చీమూ లేకుండా గట్టిగా, చిన్నగా లేచినది గట్టిపొక్కు. అంతకంటె పెద్దదై లోతుగా నాటుకున్నది కణితి. తేటనీరు చేరిన చిన్నది నీటిపొక్కు, పెద్దది బొబ్బ. చీము పడితే చీముపొక్కు. తట్టులోవలె ఒళ్ళంతా ఎర్రగా పేలితే పేత. పైపొర పెళుసై రాలేది పొలుసు. కొలతల్లో కొద్ది మార్పులూ కొన్ని చేర్పులూ జరిగినా ఈనాటి చర్మవైద్యులు రోగిని చూసి రాసుకునేది ఈ భాషలోనే.

ఇలా రాస్తూ ఉండగా మా అమ్మమ్మ గుర్తుకు వస్తున్నది. ఆవిడకు అక్షరం ముక్క రాదు. కాని పొక్కు అనవలసినచోట బొబ్బ అనేది కాదు. పొక్కింది, చీము పట్టింది, చితికింది, పక్కు కట్టింది, పక్కు రాలింది, మచ్చ పడింది అని ఒక కురుపు జీవితచరిత్రను ఆరు క్రియల్లో చెప్పేది. దద్దురు వేరు, చెమటకాయ వేరు, సెగగడ్డ వేరు. శోభిమచ్చ వేరు, మంగు వేరు. తెల్లమచ్చకు ఆవిడ మాట బొల్లి. బొల్లి అంటే తెలుపు, అంతే. దానికీ ఊళ్ళో చిన్నచూపు లేకపోలేదు గాని, అది వేళ్ళు ఊడుతాయని భయపెట్టే మాట కాదు. ఆ రోజు తరగతిలో మా అమ్మమ్మ మాట చెప్పి ఊరుకుని ఉండవలసింది. పండితులు దేశ్యపదాన్ని తక్కువ చేసి సంస్కృతపదాన్ని నెత్తికెత్తుకోవడం వల్ల భాషకు జరిగిన నష్టం గురించి చాలామంది రాశారు. మనిషికి కూడా నష్టం జరుగుతుందని నేను చూశాను.

విల్లన్‌కు కూడా పాత మాట పూర్తిగా వదలలేదు. పొలుసుల వర్గంలో సోరియాసిస్ అని ఒకటీ, గుండ్రని మచ్చలతో వచ్చేదానికి లెప్రా అని ఒకటీ పెట్టాడు. గ్రీకు అర్థం ప్రకారం అది తప్పు కాదు, లోకంలోని భయం ప్రకారం తప్పు. ఆ రెండూ ఒకే వ్యాధి అని తేల్చి, లెప్రా అన్న పేరును దానినుంచి తొలగించినవాడు వియన్నా వైద్యుడు హెబ్రా, 1841లో. 1873లో నార్వేలో హాన్సెన్ కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. అప్పటికి ఆ మాటకు నిజమైన హద్దు దొరికింది.

హద్దు దొరికినంత మాత్రాన మనుషులు వెంటనే లోపలికి రాలేదు. మనదేశంలో 1898లో వచ్చిన కుష్ఠురోగుల చట్టం, పుండ్లు పడిన నిరుపేద రోగులను పట్టి ఆశ్రమాలలో ఉంచే అధికారం ఇచ్చింది. అది 2016లో గాని రద్దు కాలేదు. భార్యాభర్తలలో ఒకరికి ఈ వ్యాధి ఉంటే విడాకులకు కారణంగా చూపవచ్చన్న నిబంధన 2019లో పోయింది. ఈలోగా మంచిపని చేసినవారూ ఉన్నారు. నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాలలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠురోగుల వైద్యశాల నెలకొల్పి, హిడ్నోకార్పస్ నూనెతో చికిత్స చేశారు. సుశ్రుతుడు కుష్ఠానికి చెప్పిన తువరకతైలం ఈ చెట్టు గింజలదే అంటారు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సతో, ఆరు నెలలు గాని పన్నెండు నెలలు గాని మందులు వాడితే వ్యాధి నయమవుతున్నది.

ఆ తల్లినీ పిల్లవాణ్ణీ తీసుకుని పట్నంలోని చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన ముందుగా మచ్చ మీద వేలితో రాసి చూశారు. తరువాత పిల్లవాణ్ణి కళ్ళు మూసుకోమని, దూదిని పురిపెట్టి ఆ కొసతో ఒక్కొక్క మచ్చనూ తాకారు. తాకినచోట వేలు పెట్టి చూపించమన్నారు. వాడు ప్రతిసారీ తడుముకోకుండా చూపించాడు. కుష్ఠుమచ్చ అయితే రంగు పాలిపోతుందే గాని ఇంత తెల్లగా కాదనీ, అక్కడ స్పర్శ తెలియదనీ, ఇది రంగునిచ్చే కణాలు నశించడమే తప్ప ఎవరికీ అంటదనీ ఆమెకు వివరంగా చెప్పారు. "ఇంతకీ కుష్ఠమని చెప్పినవాడెవడమ్మా?" అని అడిగారు. ఆమె నా వైపు చూడకుండా, "ఎవరో అన్నారండి" అన్నది.

ఆయన ఇచ్చిన చీటీలో 'డీపిగ్మెంటెడ్ మాక్యూల్స్, సెన్సేషన్ ఇంటాక్ట్' అని ఇంగ్లీషులో ఉంది. మాక్యూల్ అంటే విల్లన్ హద్దు గీసిన మచ్చేనని నాకు అప్పుడు తెలియదు. నిఘంటువు చూసి తెలుగు చేసి, సోమవారం ప్రార్థన సమయంలో పిల్లలందరి ముందు చదివాను. రంగు పోయిన మచ్చలు, తాకితే తెలుస్తున్నది. ఆ వేళ మధ్యాహ్నమే తల్లి వచ్చి బదిలీపత్రం అడిగింది. వాణ్ణి వాళ్ళ మేనమామ ఊళ్ళో చేర్పిస్తారట. ప్రధానోపాధ్యాయుల గదిలో ఆ పత్రం నింపినవాణ్ణి కూడా నేనే. పుట్టుమచ్చలు రాయవలసిన గడి దగ్గర చాలాసేపు కలం ఆగింది. చివరకు మోకాలి మీది పాత గాయపుమచ్చ రాశాను.