ఎన్ని సిరప్‌లు తాగినా దగ్గు తగ్గట్లేదా? సమస్య గొంతులో కాదు.. ముక్కులో ఉండొచ్చు!

మాట్లాడే ముందు ప్రతిసారీ గొంతు సవరించుకోవడం, పడుకోగానే దగ్గు, పొద్దున లేవగానే గొంతులో కఫం.. ఇలా ఉంటే చాలామంది మెడికల్ షాపులో దగ్గు మందు కొని తాగేస్తుంటారు. సీసాలు ఖాళీ అవుతున్నా ఫలితం లేదంటే, ముక్కు నుంచి గొంతులోకి జారే చీమిడి కారణం కావొచ్చు. దీన్నే డాక్టర్లు ‘పోస్ట్ నాసల్ డ్రిప్’ అంటారు.

అసలేం జరుగుతుంది?
దుమ్మును, క్రిములను పట్టి ఉంచేందుకు ముక్కులో చీమిడి నిత్యం తయారవుతూనే ఉంటుంది. మామూలుగా అది మనకు తెలియకుండానే కడుపులోకి జారిపోతుంది. ఎక్కువైనా, చిక్కబడినా గొంతు వెనుక పేరుకుంటుంది. పడుకున్నప్పుడు ఇది ఎక్కువ కాబట్టే రాత్రిళ్లు దగ్గు ఇబ్బంది పెడుతుంది.

కారణాలేంటి?
జలుబు, సైనస్ ఇన్ఫెక్షన్, అలర్జీ ప్రధాన కారణాలు. ఇంట్లో దుమ్ము, వయ్యారిభామ పుప్పొడి, దోమల కాయిల్, అగరబత్తి పొగ సమస్యను పెంచుతాయి. ఎసిడిటీ ఉన్నవాళ్లకూ గొంతులో ఇలాగే అనిపిస్తుంది.

ఇంట్లో ఏం చేయొచ్చు?
* నీళ్లు బాగా తాగాలి. తల కాస్త ఎత్తుగా ఉండేలా పడుకోవాలి.
* దిండు కవర్లు, దుప్పట్లు వారానికోసారి వేడి నీళ్లలో ఉతకాలి.
* పావు లీటరు నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవచ్చు. ఆ నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే అయ్యుండాలి. నల్లా నీళ్లు నేరుగా వాడితే మెదడును తినే అమీబా ముక్కు ద్వారా లోపలికి చేరే ముప్పు ఉంది. అరుదే అయినా, అది ప్రాణాంతకం.

ఈ తప్పులు చేయొద్దు
* ముక్కు దిబ్బడ తగ్గించే డ్రాప్స్ ఐదు రోజులకు మించి వాడొద్దు. ఆపగానే దిబ్బడ మళ్లీ పెరుగుతుంది.
* చీమిడి పచ్చగా ఉందని సొంతంగా యాంటీబయాటిక్స్ వేసుకోవద్దు. అలర్జీకి, వైరస్ జలుబుకు అవి పనిచేయవు.

డాక్టర్‌ దగ్గరకు ఎప్పుడు?
దగ్గు రెండు వారాలు దాటితే అలర్జీయేలే అని వదిలేయొద్దు. టీబీ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇది ఉచితం. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి బీపీ మాత్రలతోనూ పొడి దగ్గు రావొచ్చు. అలాగని మాత్రలు మీరే ఆపేయకుండా డాక్టర్‌కు చెప్పాలి. కఫంలో రక్తం, ఆయాసం, జ్వరం ఉంటే ఆలస్యం వద్దు. పిల్లలకు ఒకవైపు ముక్కు నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల ఏదైనా ఇరుక్కుందేమో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి.