రేవు: ఊరి కూడలి, సంఘమునకు గీటురాయి

ప్రాచీన రోమా పట్టణములలో వేడినీటి స్నానశాలలు ప్రజలు కలిసికొను స్థలములు. బౌద్ధ వినయ పిటకములోను భిక్షువుల ఆవిరి స్నానగృహమునకు ‘జంతాఘరము’ అను పేరు కలదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప పల్లెలలో అటువంటి కూడలి రేవు. నాగార్జునకొండ త్రవ్వకములలో (1954–60) బయటపడిన ఇక్ష్వాకుల కాలపు స్నానఘట్టము మన ప్రాంతపు రేవులు ఎంత పాతవో చూపుచున్నది.

రేవులో స్నానములు చేయుదురు, బట్టలు ఉతుకుదురు, పశువులను కడుగుదురు. పెండ్లి మాటలు, అప్పుల సంగతులు, పంట ధరలు అచ్చటనే తెలియును. అయితే ఎవరి రేవు వారిదే. మాల మాదిగలు ఊరి బావి తాకరాదను కట్టుబాటు ఉండెను. కలిసికొను స్థలమే వేరుపరచు స్థలము కూడ అయినది.

1876–78 కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, వేలమందికి కూలి కల్పించెను. కూడు కొరకు మతము మారిరను నింద రాకుండునట్లు కరవు కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. బాప్తిస్మమిచ్చినది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచిరి.

ఈ సంఖ్యను మనము తరచు చెప్పుకొందుము. కాని ఆ దినమున నీటిలో దిగినవారు అధికముగా మాదిగలే అను సంగతిని మరువరాదు. వారికి ఏటి నీరు అందినది, తమవారి చేతులమీదుగా అందినది. ఊరి చెరువు మాత్రము మారలేదు.

అందుకు సాక్ష్యము కారంచేడు. 1985 జూలై 16న మాదిగలు త్రాగు చెరువు వద్ద పశువు కుడితి బకెట్టు కడిగి నీరు పాడుచేయుటను ఆక్షేపించినందుకు తగవు పుట్టెను. మరునాడు జరిగిన దాడిలో ఆరుగురు హతులైరి. మిగిలినవారు చీరాలకు చేరి శిబిరములో తలదాచుకొనిరి. దళిత మహాసభ ఆ పోరాటమునుండియే పుట్టినది. వెల్లంపల్లికిని కారంచేడుకును నడుమ 107 సంవత్సరములు.

కావున మన సంఘచరిత్రను బాప్తిస్మపు రిజిస్టరులతో మాత్రమే వ్రాయుట చాలదని మా అభిప్రాయము. గలతీ 3:27–28 బాప్తిస్మమును, భేదములు తొలగుటను ఒక్కచోటనే చెప్పుచున్నది. ఒకే నీటిలో మునిగినవారు ఒకే బావినుండి త్రాగుచున్నారా, ఒకే పంక్తిలో కూర్చుండుచున్నారా, ఒకే శ్మశానములో పాతిపెట్టబడుచున్నారా? కాపరులు తమ తమ గ్రామములలో విచారించి వ్రాసిపెట్టవలసిన చరిత్ర ఇదియే.