ముఖంపై కాలిన గాయాలు: ఆందోళన, జీవన నాణ్యత

మంటలు, వేడి ద్రవాలు, విద్యుత్తు, ఆమ్లాల వల్ల ముఖం కాలినవారిని గాయం మానిన తర్వాత కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఆందోళన వెంటాడుతుంది. కొందరికి పొయ్యి వెలిగించాలంటేనే వణుకు. నిద్రలో ఉలిక్కిపడి లేస్తారు, జరిగిందంతా మళ్లీ కళ్లముందు కదులుతుంది. దీనికి తోడు నలుగురిలోకి వెళ్లాలంటే భయం. చేతి మీది మచ్చ చొక్కా కింద దాగుతుంది, ముఖం దాగదు.

కాలినచోట మచ్చ ఎర్రగా, గట్టిగా ఉబ్బి, ఏడాది రెండేళ్లకు గానీ మెత్తబడదు. ఈలోగా చర్మం ముడుచుకుపోతే కింది రెప్ప బయటికి తిరిగి కన్ను పూర్తిగా మూతపడదు, నీరు కారుతూనే ఉంటుంది. నోటి మూలలు బిగుసుకుంటే ముద్ద పట్టదు, పళ్లు తోముకోవడమూ కష్టమే. మచ్చ ఉబ్బకుండా ప్రెషర్ మాస్కును రోజుకు దాదాపు 23 గంటలు పెట్టుకోమంటారు; ఎండాకాలంలో ఆ చెమట, దురద భరించడం మాటలు కాదు. ముఖ కండరాలు సరిగా కదలకపోతే నవ్వినా నవ్వినట్టు కనబడదు, ఎదుటివారు కోపమనుకుంటారు. ఇలాంటి అపార్థాలు నాలుగైదు ఎదురైతే చాలు, మనిషి గడప దాటడం మానేస్తాడు.

ఆందోళనను అంచనా వేయడానికి 1983లో వెలువడిన హెచ్‌ఏడీఎస్ ప్రశ్నావళిని విరివిగా వాడతారు. అందులోని 14 ప్రశ్నల్లో ఏడు ఆందోళనవి. కాలిన గాయాలకే ప్రత్యేకించిన బీఎస్‌హెచ్‌ఎస్-బీ అనే ప్రశ్నావళిలో 40 ప్రశ్నలుంటాయి. చేతి పనితనం, వేడిని తట్టుకోవడం, ఉద్యోగం, రూపంపై భావన, అయినవాళ్లతో సంబంధాలు అందులో వస్తాయి. మచ్చ ఎంత పెద్దదో బాధ కూడా అంతే ఉంటుందనుకోవడం పొరపాటు. చిన్న మచ్చతో కుంగిపోయేవారూ ఉన్నారు, ముఖమంతా కాలినా ఉద్యోగానికి వెళ్లి వచ్చేవారూ ఉన్నారు. చుట్టూ ఉన్నవారి తీరు ఇక్కడ చాలా తేడా తెస్తుంది.

ఈ సంగతిని ముందే పట్టుకున్న వైద్యుడు న్యూజిలాండ్‌లో పుట్టిన ఆర్చిబాల్డ్ మెకిండో. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో కాలిపోయిన వైమానికులకు ఆయన ఇంగ్లండ్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో శస్త్రచికిత్సలు చేశాడు. రోగులకిచ్చే నీలి దుస్తులు మాన్పించి వాళ్ల యూనిఫాంలే వేసుకోనిచ్చాడు, వార్డులో బీరు పీపా పెట్టించాడు. వీరిని ఇళ్లకు పిలవమని, తేరిపార చూడవద్దని ఊరివాళ్లను కోరాడు. ఆ ఊరికి ‘తేరిపార చూడని ఊరు’ అనే పేరే వచ్చింది. 1941లో రోగులే గినీ పిగ్ క్లబ్ పెట్టుకున్నారు. డబ్బు పట్టుకుని పారిపోలేడని కాళ్లు కాలినవాణ్ని కోశాధికారిని చేశారు! యుద్ధం ముగిసేసరికి క్లబ్బు సభ్యులు 649 మంది.

నేటి చికిత్సలో స్కిన్ గ్రాఫ్టింగ్, ఫిజియోథెరపీతోపాటు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, తోటి బాధితుల తోడ్పాటు ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల వయసులో కారు మంటల్లో ముఖం కాలిన జేమ్స్ పార్ట్రిడ్జ్ 1992లో బ్రిటన్‌లో ‘ఛేంజింగ్ ఫేసెస్’ అనే సంస్థను స్థాపించి, మనుషులను ఎదుర్కొనే నేర్పును శిక్షణగా మలిచాడు. ‘‘మొహానికి ఏమైంది?’’ అన్నవారికి, ‘‘మంటల్లో కాలింది, ఇప్పుడు బాగానే ఉన్నాను’’ అని చెప్పి మాట మళ్లించడం సాధన చేయవలసిన విద్యే.

భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ దాడి బాధితులను వికలాంగులుగా గుర్తించింది. అయినా బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కన్నార్పమంటే, రెప్ప వేయలేనివారు ఆగిపోవలసి వచ్చింది. ఇలా ఆన్‌లైన్‌లో గుర్తింపును నిర్ధారించే డిజిటల్ కేవైసీని వీరికీ అందుబాటులోకి తేవాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది.