పాత మిలిటరీ పిస్టల్ కొందామనుకుంటున్నారా..? చార్మినార్ గల్లీలో బేరానికి ముందు బోరు, నంబరు, కాగితాలు చూడండి

పాత గడియారాలు, ఇత్తడి సామాన్లు, కత్తులు, నాణేలు.. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో పాత వస్తువుల మీద మోజున్నవాళ్లకు టైమే తెలియదు. అలా తిరిగేవాళ్ల చెవిన ఎప్పుడో ఒకప్పుడు ఓ మాట పడుతుంది. 'నిజాం జమానాది భాయ్.. అసలైన మిలిటరీ పిస్టల్' అని. చూపించేది గోడకు తగిలించుకునే నకలు అయితే పోయేది డబ్బు మాత్రమే. నిజంగా పేలే పిస్టల్ అయితే కేసు కూడా మీద పడుతుంది. లైసెన్స్ లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం 2 నుంచి 5 ఏళ్ల జైలు. అదే నిషిద్ధ ఆయుధమైతే 7 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా.

మరి లైసెన్స్ ఉన్నవాళ్ల సంగతేంటి? వాళ్లకూ చిక్కు ఉంది. యుద్ధంలో వాడిన పాత పిస్టల్ విలువ కట్టడం మన దేశంలో బయటి దేశాల లెక్కతో కుదరదు.

అక్కడ హీరో.. ఇక్కడ జీరో

ప్రపంచంలో సేకర్తలు ఎగబడి కొనే మిలిటరీ పిస్టళ్ల పేర్లు కొన్ని ఉన్నాయి. 1908లో జర్మన్ సైన్యం తీసుకున్న 9 ఎంఎం లూగర్. 1911లో అమెరికా సైన్యంలోకి వచ్చిన .45 కోల్ట్. 1915 నుంచి బ్రిటిష్ అధికారుల నడుముకు వేలాడిన .455 వెబ్లీ మార్క్ 6 రివాల్వర్. 1930లలో దాని స్థానంలోకి వచ్చిన .380 ఎన్‌ఫీల్డ్. వీటిలో ఏదైనా కండిషన్‌లో ఉంటే అమెరికాలోనో యూరప్‌లోనో మంచి ధర పలుకుతుంది.

ఇక్కడ మాత్రం ఈ నాలుగూ మామూలు లైసెన్స్ మీద కొనడానికి వీల్లేనివి. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే పిస్టల్, రివాల్వర్ ఏదైనా సరే నిషిద్ధ బోరు కిందకే వస్తుంది. ఆయుధాల నిబంధనల మొదటి షెడ్యూల్‌లో .380, .455, సర్వీస్ 9 ఎంఎం, .45 పేర్లు పెట్టి మరీ రాసి ఉన్నాయి. వాటికి అనుమతి కేంద్రం నుంచే రావాలి. హైదరాబాద్‌లో లైసెన్స్ ఇచ్చే పోలీస్ కమిషనర్ చేతిలో కూడా ఆ పని ఉండదు. ఇంకో మెలిక ఏంటంటే చట్టం చూసేది పిస్టల్ మీద ఉన్న కంపెనీ పేరును కాదు, అందులో పట్టే తూటాను. ఎన్‌ఫీల్డ్ తూటా పట్టే స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ అయినా అదే గాటన కడతారు.

కాబట్టి లైసెన్స్ ఉన్న మామూలు కొనుగోలుదారుడికి ఇక్కడ మిగిలేది ప్రధానంగా .32 బోరు. అందులోనూ చరిత్ర ఉన్న పిస్టళ్లు లేకపోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ అధికారులు వాడిన వాల్తర్ పీపీ, పీపీకే, బ్రిటిష్ కాలం నాటి వెబ్లీ అండ్ స్కాట్, 1903 మోడల్ కోల్ట్.. వీటన్నిటికీ .32 రకం ఉంది. బయట దేశాల్లో .32 అంటే చిన్న తుపాకీ అని పెదవి విరుస్తారు. ఇక్కడ దానికే గిరాకీ. 1980ల మధ్య నుంచి మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. ఉన్నవే చేతులు మారాలి, కొత్తవి రావు. దాంతో బయట సాదాసీదా ధర ఉన్న పిస్టల్ ఇక్కడ లక్షల్లో పలుకుతోంది. పోలిక కోసం చూస్తే, కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ 2014లో మహిళల కోసమని తెచ్చిన .32 రివాల్వర్ 'నిర్భీక్' ధర అప్పట్లోనే దాదాపు 1.22 లక్షలు.

అంటే అమెరికా వేలం వెబ్‌సైట్‌లో ధర చూసి ఇక్కడ బేరం ఆడటం పప్పులో కాలేయడమే.

'యాంటిక్ కదా.. లైసెన్స్ ఎందుకు?'

పాతబస్తీలోనే కాదు, ఎక్కడైనా ఎక్కువమంది మోసపోయేది ఈ మాట దగ్గరే. ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పురాతన ఆయుధాలకు మినహాయింపు ఉన్నమాట నిజం. కానీ అందులో ఓ షరతు ఉంది. ఆ ఆయుధం రిపేరు చేసినా, చేయకపోయినా పేల్చడానికి పనికిరానిదై ఉండాలి. 'రిపేరు చేసినా' అన్నదే ఇక్కడ అసలు మెలిక. తుప్పు పట్టి బిగుసుకుపోయిన వెబ్లీని మంచి పనివాడు రెండు రోజుల్లో తిప్పగలిగితే అది మినహాయింపులోకి రాదు. 'ఫైరింగ్ పిన్ తీసేశాం సార్, ఇక షోపీసే' అన్న మాటకూ చట్టం ముందు బలం లేదు. పిన్ మళ్లీ వేయొచ్చు కాబట్టి. మూతిలోంచి మందు దట్టించే తాతల నాటి పిస్టల్ అయినా పేలే స్థితిలో ఉంటే ఆయుధమే.

ఇక 100 ఏళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తు చట్టం కూడా తోడవుతుంది. పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్లకు వేరే లైసెన్స్ కావాలి. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు కుదరదు.

నిజాం పేరు చెబితే రేటు పెరుగుతుందా?

హైదరాబాద్‌లో ఇలాంటి కథలు ఎందుకు పుడతాయో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఫ్రెంచ్ సేనాని రేమండ్ 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఫిరంగుల కార్ఖానా పెట్టాడు. గన్‌ఫౌండ్రీ పేరు అలా వచ్చిందే. చార్మినార్‌కు దక్షిణాన ఉన్న బార్కస్ పేరు కూడా నిజాం సైన్యంలోని అరబ్ సిపాయిల బ్యారక్స్ నుంచి పుట్టింది. 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ దాకా ఇది సొంత సైన్యం ఉన్న సంస్థానం. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్‌లలో ఆయుధాల గదులు చూసొచ్చినవాడికి 'నవాబ్ గారి పిస్టల్' అంటే నమ్మబుద్ధేస్తుంది.

నమ్మకానికి డబ్బు కట్టకూడదు. చరిత్ర వల్ల విలువ పెరగాలంటే ఆ చరిత్రకు నంబరుతో ఉన్న కాగితం కావాలి. దీనికి భగత్ సింగ్ పిస్టల్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1928 డిసెంబర్ 17న లాహోర్‌లో సాండర్స్‌పై వాడిన ఆ .32 కోల్ట్ ఎన్నో ఏళ్లపాటు ఇండోర్‌లోని బీఎస్‌ఎఫ్ ఆయుధ మ్యూజియంలో మిగతా వాటి మధ్య పడి ఉంది. దాన్ని గుర్తుపట్టింది 168896 అనే సీరియల్ నంబరుతోనే, పాత కోర్టు రికార్డుల్లోని నంబరుతో సరిపోలడం వల్లే. ఆ నంబరు లేకపోతే అది ఇంకో పాత కోల్ట్ మాత్రమే. దొర గారి సంతకం ఉన్న కొనుగోలు రసీదు, సైనిక రికార్డు, పాత లైసెన్స్ పుస్తకం.. వీటిలో పిస్టల్ నంబరు కనిపిస్తే కథకు ధర కట్టొచ్చు. పిడి మీద కొత్తగా చెక్కిన ఆసఫ్‌జాహీ గుర్తుకు మాత్రం కట్టొద్దు.

చేతిలోకి తీసుకున్నాక..

లైసెన్స్ ఉన్న డీలర్ దుకాణంలోనే చూడాలి, అక్కడి మనిషి తూటాలు లేవని తీసి చూపించాకే పట్టుకోవాలి. ఆ తర్వాత మొదట వెతకాల్సింది నంబర్లు. పాత మిలిటరీ పిస్టళ్లలో ఫ్రేమ్ మీద, బ్యారెల్ మీద, స్లైడ్ లేదా సిలిండర్ మీద సీరియల్ నంబరు కొడతారు. లూగర్ లాంటివాటిలో అయితే చిన్న చిన్న భాగాల మీద కూడా నంబరులోని చివరి రెండు అంకెలు ఉంటాయి. అన్నీ కలిస్తే ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి జోడీ అన్నమాట. కలవకపోతే రెండు మూడు పిస్టళ్ల భాగాలు ఏరి ఒకటి చేశారని అర్థం. పేలడానికి పేలుతుంది కానీ సేకర్త దృష్టిలో ధర బాగా పడిపోతుంది. కొందరు మ్యాగజైన్ నంబరు చూడటం మర్చిపోతారు. అదీ చూడాలి.

నంబరు గీకేసి ఉంటే ఇక లెక్కలు అక్కర్లేదు, అక్కడే వెనక్కి ఇచ్చేయాలి. గుర్తింపు నంబరు లేని తుపాకీ అమ్మడమే నేరం. చెరిపేసిన నంబరుతో ఎవరి దగ్గర దొరికితే వాళ్లే చెరిపారని 8వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది కొన్నవాడే.

తర్వాత ముద్రలు. బ్రిటిష్ సర్కారు ఆయుధం మీద బాణం మొన గుర్తు ఉంటుంది. దాని కింద 'ఐ' అక్షరం ఉంటే భారత సైన్యం స్టోర్లకు చెందినదని అర్థం. రెండు బాణాలు మొనలు ఎదురెదురుగా కనిపిస్తే సర్కారు దాన్ని అధికారికంగా అమ్మేసిందని లెక్క. బ్రిటిష్ ప్రూఫ్ హౌస్‌లు కొట్టే కిరీటం ముద్రలు, జర్మన్ తనిఖీ అధికారుల గద్ద ముద్రలు వేరే. ఇవి నకిలీవి కూడా వస్తాయి. ఖైబర్ కనుమ దగ్గరి దర్రా ఆదమ్‌ఖేల్‌లో చేత్తో చేసిన వెబ్లీ నకళ్లు దశాబ్దాలుగా తిరుగుతున్నాయి. అక్షరాలు వంకరగా, తిరగేసి, స్పెల్లింగ్ తప్పుగా ఉంటే అనుమానించాల్సిందే. ఇంగ్లిష్ చదవడం రాని పనివాడు చూసి కొట్టిన ముద్రలవి. ఆ ఇనుము ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇది ధరతో ఆగదు, చేతి వేళ్ల దాకా వచ్చే విషయం.

ఇక రంగు. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. 80 ఏళ్ల పిస్టల్ తళతళా మెరుస్తుంటే ముచ్చటపడి ఎక్కువ ఇస్తారు. నిజానికి ఫ్యాక్టరీలో పట్టించిన నీలినలుపు రంగు, అంటే బ్లూయింగ్, అక్కడక్కడా అరిగినా సరే అసలుదే ఉండటం విలువ. బఫింగ్ మిషన్ మీద రుద్ది కొత్త రంగు వేస్తే అంచులు గుండ్రంగా మారతాయి, ముద్రలు మసకబారతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ పళ్లెంలా లోతు పడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇలాంటి పిస్టళ్లకు సరిగ్గా సరిపోతుంది. మూతి దగ్గర, పక్కల మీద మాత్రమే రంగు పోయి ఉంటే భయపడక్కర్లేదు. అది తోలు సంచిలో పెట్టి తీసిన గుర్తు, సర్వీసులో తిరిగిన పిస్టల్ లక్షణం.

గొట్టం లోపలికి లైటు వేసి చూడాలి. మెలి తిరిగిన గాడులు స్పష్టంగా ఉన్నాయా? చిన్న చిన్న గుంటలు పడ్డాయా? ఆ రోజుల్లో చాలా సైనిక తూటాల్లోని మందు పేలాక ఉప్పులాంటి మడ్డిని వదిలేది. శుభ్రం చేయకపోతే హైదరాబాద్ వానాకాలం చాలు, గొట్టం తినేయడానికి. రివాల్వర్ అయితే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సిలిండర్‌ను అటూ ఇటూ కదపాలి. ఎక్కువ ఊగితే అరిగిపోయినట్టే. పిస్టల్ అయితే స్లైడ్, ఫ్రేమ్ మీద సన్నటి పగుళ్లు, సేఫ్టీ పట్టు చూడాలి. ఆడించి చూసే ఈ పని డీలర్ దగ్గరి ఆర్మరర్‌తో చేయించడమే మంచిది. ఆయనకిచ్చే ఫీజు పెట్టే ధర ముందు లెక్కలోకి రాదు.

మరో చిన్న విషయం. .32 రివాల్వర్ తూటా, .32 పిస్టల్ తూటా ఒకటి కావు. లైసెన్స్‌లో ఏది రాసుందో అదే కొనాలి.

డబ్బు చేతులు మారే ముందు

అమ్మేవాడికి చెల్లుబాటు అయ్యే లైసెన్స్, దానికి జాతీయ డేటాబేస్ ఇచ్చిన యూఐఎన్ నంబరు ఉండాలి. పిస్టల్ మీది సీరియల్ నంబరు లైసెన్స్‌లో ఉన్నదానితో అక్షరం తేడా లేకుండా కలవాలి. ప్రైవేటు వ్యక్తి నుంచి కొంటుంటే ఆయన ముందుగా కొనేవారి పేరు, అడ్రస్‌తో అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాకే అప్పగించాలి. 'ఇవాళే క్యాష్, ఇవాళే మాల్' అంటే అది చట్టప్రకారం జరిగే అమ్మకం కాదని అక్కడే తెలిసిపోతుంది. 2019 నుంచి ఒక్కరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. ఆ రెండులో తాతల నుంచి వచ్చినదీ లెక్కే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు 50 ఏళ్లు దాటిన తుపాకీ సేకర్తల వస్తువు కదా అనుకుని ఎగ్జిబిషన్లలో బేరాలాడుతుంటారు. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లకు, కొన్ని మినహాయింపులు తప్ప, అక్కడి ఫెడరల్ చట్టం తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్నే నిషేధించింది. ముందు వీసా చూసుకోవాలి.

ఇంట్లోనే దొరికితే..

కొనేవాళ్ల కంటే ఎక్కువ నష్టపోయేది వారసులు. పాత ఇంటి పెట్టెలో తాతగారి పిస్టల్ బయటపడుతుంది. లైసెన్స్ ఆయనతోనే పోయింది. భయపడి ఎవరో తెలిసినవాడికి పది, ఇరవై వేలకు ఇచ్చేస్తారు. .32 వాల్తర్ అయితే లక్షలు పోయినట్టే, పైగా అక్రమ అమ్మకం కేసు. చట్టం చూపిన దారి వేరు. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి, నంబరు రాసిన రసీదు తీసుకోవాలి. తర్వాత వారసుడి పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా లైసెన్స్ ఉన్నవారికి సక్రమంగా అమ్ముకోవచ్చు. డిపాజిట్ చేసి మర్చిపోతే మాత్రం గడువు దాటాక ఆ పిస్టల్ ప్రభుత్వ పరమవుతుంది.