జర్మన్ పానా: ఒక పూల మొక్క నుంచి బెంగాల్ ఆలస్యంగా నేర్చుకున్న పాఠం



రెండు నెలల కిందట మా టెస్ట్ సిరీస్‌లో ఒక ప్రశ్న వచ్చింది: "స్థానిక చెరువుల్లో విదేశీ ఆక్రమణ జాతుల వ్యాప్తిని నివారించే మార్గాలను చర్చించండి." గుర్రపు డెక్క గురించే కదా, తెలిసిన విషయమే అనుకున్నాను. యంత్రాలతో తొలగించాలి, కంపోస్టు చేయాలి, మహిళా సంఘాలతో బుట్టలు అల్లించాలి అంటూ ఏడు పాయింట్లు రాసి పేజీ నింపేశాను. పది మార్కులకు మూడు వచ్చాయి. పక్కన ఎర్ర సిరాతో ఒక వ్యాఖ్య: "ప్రశ్న నివారణ గురించి. మీరు రాసినదంతా వచ్చాక చేసేది."

మొదట ఒళ్లు మండింది. తర్వాత బెంగాల్ చరిత్రలో ఈ మొక్క కథ చదివాను. నేను ఆ పేజీలో చేసిన తప్పునే ఒక ప్రభుత్వం దాదాపు పాతికేళ్లు చేసిందని తెలిసింది. నాకు పోయింది ఏడు మార్కులు. అక్కడి రైతుకు పోయింది వరి పంట. ఆధునిక చరిత్రకూ పర్యావరణానికీ రెండింటికీ పనికొచ్చే అంశం కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

పువ్వు చూసి తెచ్చుకున్నారు

గుర్రపు డెక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. లేత ఊదా రంగు పువ్వు, నిగనిగలాడే గుండ్రటి ఆకు, నీటిపై తేలడానికి ఉబ్బిన కాడ. ఈ అందం చూసే 19వ శతాబ్దం చివర్లో ప్రపంచమంతా దాన్ని తోటల్లోకీ కొలనుల్లోకీ తెచ్చుకుంది. బెంగాల్‌కూ అలంకార మొక్కగానే వచ్చింది. దండయాత్ర చేసి వచ్చింది కాదు, ముచ్చటపడి తెచ్చుకున్నది.

తోటలో ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. వరదకు తోట దాటి కాలువలోకి, అక్కడి నుంచి నదిలోకి చేరింది. తూర్పు బెంగాల్ అంటే నీళ్ల దేశం. పొలానికి పడవ మీదే వెళ్లాలి, సంతకు పడవ మీదే వెళ్లాలి, జనపనార మూటలు నారాయణ్‌గంజ్ చేరాలన్నా పడవే దిక్కు. దానికి తోడు రైలు మార్గాల కోసం వేసిన కట్టలు చాలాచోట్ల నీటి సహజ ప్రవాహానికి అడ్డుపడ్డాయి. నిలిచిన నీరు ఈ మొక్కకు పరిచిన పాన్పు.

1920 నాటికి బెంగాల్ జలమార్గాల్లో అది లేని చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. పడవలు కదల్లేదు. వరద పొంగినప్పుడు పచ్చటి తెప్పలు కొట్టుకొచ్చి పొలాల్లోని అమన్ వరి మీద పడి పైరును అణచివేసేవి. రైతులు పొలం చుట్టూ వెదురు దడులు కట్టుకుని కాపలా కాశారు. మన దగ్గర పశువులు పడకుండా కంచె వేస్తాం. వాళ్లు మొక్క పడకుండా కంచె వేశారు.

ఒక చిన్న లెక్క

ఇంజినీరింగ్ చదివినవాడిని కదా, లెక్క లేకుండా నాకు నమ్మకం కుదరదు. అనుకూల వాతావరణంలో ఈ మొక్క విస్తీర్ణం సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. 15 రోజులు అనుకుందాం. ఇవాళ చెరువు మూల ఒక చదరపు మీటరు ఉంది. ఆరు నెలల్లో 12 సార్లు రెట్టింపయితే 4,096 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఒక ఎకరం. ఇంకో మూడు నెలలు ఆగితే 64 ఎకరాలు. చలి, ఎండ, నీటి కొరత వల్ల వాస్తవంలో వేగం తగ్గుతుంది. కానీ లెక్క చెప్పే సంగతి మారదు: చెరువు సగం నిండిందని మనం కంగారు పడే రోజుకు, పూర్తిగా నిండడానికి మిగిలింది 15 రోజులే.

పైగా నేల అడుగున చేరిన విత్తనాలు 20 ఏళ్ల దాకా మొలకెత్తే శక్తిని నిలుపుకోగలవు. అంటే ఒకసారి పీకేసి ఫొటో దిగినంత మాత్రాన పని అయిపోదు. మొదటి చదరపు మీటరు దగ్గర ఒక మనిషి ఒక పూటలో చేసే పనిని, తర్వాత ఒక జిల్లా యంత్రాంగం ఏళ్ల తరబడి చేయాల్సి వస్తుంది. నివారణ అన్న మాటకు అర్థం ఇదే.

మొదటి ఆలస్యం: నింద

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బెంగాల్ పల్లెల్లో దీన్ని 'జర్మన్ పానా' అని పిలిచారు. పానా అంటే నీటి కలుపు. శత్రుదేశమైన జర్మనీయే కావాలని వదిలిందని పుకారు. విచిత్రం ఏమిటంటే శ్రీలంకలో ఇదే మొక్కకు 'జపాన్ జబర' అని పేరు. కేరళ కాలువలను కమ్మేసిన సాల్వీనియా అనే మరో నీటి మొక్కను 'ఆఫ్రికన్ పాయల్' అంటారు, దాని స్వస్థలం మాత్రం బ్రెజిల్. మూడు చోట్లా తప్పు చిరునామానే.

పేరులో ఏముంది అనుకోకండి. శత్రువు పంపాడు అనుకున్నాక, మన తోటలో పెంచుతున్న మొక్క వైపు చూపు వెళ్లదు. వచ్చిన దారి తెలియకపోతే దారి మూయలేం.

రెండో ఆలస్యం: లాభం ఆశ

యుద్ధం వల్ల జర్మనీ నుంచి పొటాష్ రాక ఆగిపోయింది. గుర్రపు డెక్క బూడిదలో పొటాష్ బాగా ఉందని వ్యవసాయ నిపుణులు గుర్తించారు. ఇంకేముంది, పీడ కాస్తా సరుకుగా కనిపించింది. ఎరువుగా వాడమని రైతులకు సలహాలు వెళ్లాయి. కానీ ఈ మొక్క బరువులో 90 శాతానికి పైగా నీరే. ఎండబెట్టాలి, కాల్చాలి, మోయాలి. ఆ వ్యాపారం మొక్క పెరిగే వేగాన్ని అందుకోలేకపోయింది.

ఇక్కడ నా జవాబు పత్రం గుర్తొచ్చి సిగ్గేసింది. కంపోస్టు, బుట్టలు అని రాసింది నేనే కదా! వాడుకోవడం తప్పు కాదు. దక్షిణ బంగ్లాదేశ్ రైతులు డెక్క తెప్పల మీదే కూరగాయలు పండిస్తారు. ఆ తేలే తోటలను 2015లో ఎఫ్‌ఏఓ ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అది తప్పించుకోలేని కష్టంతో మనిషి చేసుకున్న సర్దుబాటు, గౌరవించాల్సిందే. దాన్ని నివారణ అనలేం. ఒక జాతి మీద ఆదాయం మొదలైతే, అది పూర్తిగా పోవాలని కోరుకునేవాళ్లు తగ్గిపోతారు.

మూడో ఆలస్యం: ఎవరి శాఖ?

1921లో ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అధ్యక్షుడు ఎవరో తెలుసా? జగదీశ్ చంద్రబోస్. మొక్కల స్పందనలను కొలిచిన శాస్త్రవేత్తకే ఒక మొక్కను ఎలా వదిలించుకోవాలో చెప్పమన్నారు. మందు చల్లి చంపాలా, మనుషులతో ఏరించి నాశనం చేయాలా అన్న చర్చ నడిచింది. అయినా ప్రావిన్స్ మొత్తానికీ వర్తించే ప్రత్యేక చట్టం రావడానికి మరో 15 ఏళ్లు పట్టింది.

కారణాల్లో ఒకటి మన సిలబస్‌లోనే ఉందని నా అభిప్రాయం. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ పాలన గుర్తుంది కదా. వ్యవసాయం, స్థానిక స్వపరిపాలన బదిలీ చేసిన అంశాలు, మంత్రుల చేతిలో. నీటిపారుదల, భూమిశిస్తు రిజర్వు చేసిన అంశాలు, గవర్నర్ కార్యనిర్వాహక మండలి చేతిలో. గుర్రపు డెక్క ఈ గీతలేవీ చూడదు. కాలువలో పుట్టి పొలంలో పడుతుంది.

పొరుగు ప్రాంతాలతో పోల్చండి. సిలోన్ 1909లోనే గుర్రపు డెక్క మీద ఆర్డినెన్స్ తెచ్చింది. బర్మా 1917లో చట్టం చేసింది. బెంగాల్ వాటర్ హయసింత్ చట్టం వచ్చింది 1936లో. ఈ మూడు సంవత్సరాలు నోట్సులో పక్కపక్కన రాసుకోండి, ఇంట్రోకు పనికొస్తాయి.

1936 చట్టం, 1937 ఎన్నికలు

ఆ చట్టం సారాంశం రెండు మాటల్లో: ఇంటి పరిసరాల్లో ఈ మొక్కను ఉంచుకోవడం నిషేధం, దాని నిర్మూలనలో పాలుపంచుకోవడం పౌరుడి బాధ్యత. తర్వాతి ఏడాది 1935 చట్టం కింద ప్రాంతీయ ఎన్నికలు జరిగాయి. ఓటు హక్కు మునుపటికంటే విస్తరించి, ఎక్కువ మంది రైతులకు అందింది. పార్టీలన్నీ తమ ప్రణాళికల్లో బెంగాల్‌ను ఈ కలుపు బారి నుంచి విడిపిస్తామని హామీ ఇచ్చాయి. ప్రధానమంత్రి అయిన ఎ.కె. ఫజ్లుల్ హక్ నిర్మూలన ఉద్యమం నడిపారు. జిల్లా అధికారులు, స్వచ్ఛంద కార్యకర్తలు, గ్రామస్థులు కలిసి నీళ్లలోకి దిగారు. 1947 నాటికి ఉధృతి బాగా తగ్గింది. కానీ మొక్క పోలేదు, ఈ రోజుకీ ఉంది.

ఇందులో రెండు విషయాలు గమనించండి. రైతు గోడు ఓటుగా మారాకే ప్రభుత్వంలో వేగం వచ్చింది. అలాగే, తోటలో పెంచడాన్ని నిషేధించే నిబంధన, అంటే అసలైన నివారణ నిబంధన, మొక్క ప్రావిన్స్ అంతా పాకాక వచ్చింది.

కేరళ చూపిన దారి, దాని హద్దు

1983లో సాల్వీనియా మీద సిర్టోబేగస్ అనే చిన్న ముక్కు పురుగును కేరళలో వదిలారు. అది ఆ మొక్కను తప్ప వేరేదాన్ని తిని బతకలేదని పరీక్షించాకే వదిలారు. కొన్నేళ్లలోనే చాలా కాలువలు తేటపడ్డాయి. గుర్రపు డెక్క మీద కూడా దాదాపు అదే కాలంలో నియోకెటినా ముక్కు పురుగులను బెంగళూరు నుంచి మొదలుపెట్టి ప్రయోగించారు. కొన్ని చెరువుల్లో ఫలితం వచ్చింది, అన్నిచోట్లా రాలేదు. మురుగునీరు చేరే చెరువులో నత్రజని, భాస్వరం దండిగా ఉంటాయి. పురుగు తినేదానికంటే మొక్క పెరిగేదే ఎక్కువవుతుంది. హుస్సేన్ సాగర్‌ను యంత్రాలతో ఎన్నిసార్లు శుభ్రం చేసినా డెక్క మళ్లీ ఎందుకు వస్తుందో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. కాలువలో మురుగు ఆపకుండా చెరువులో మొక్క ఆపలేం.

మరి నివారణ అంటే ఏం రాయాలి?

ఈసారి ఆ ప్రశ్న వస్తే నేను నాలుగు దశల్లో రాస్తాను.

ఒకటి, సరిహద్దు. 1914 నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ల చట్టం కిందే నేటి 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు నడుస్తోంది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆక్రమణ జాతుల దిగుమతి, వ్యాపారం, స్వాధీనం, వ్యాప్తిని నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చింది. రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా 29వ అంశం కూడా చూడండి: ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తెగుళ్లు పాకకుండా నిరోధించడం.

రెండు, ఇల్లు, వ్యాపారం. అక్వేరియంలో పెద్దదైపోయిన సక్కర్ చేపను చెరువులో వదలడం జాలి కాదు, చెరువుకు చేసే హాని. కేంద్రం 2000లో నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఇంకా దొంగచాటుగా పెంచుతూ పట్టుబడుతున్నారంటే, నిషేధం కాగితం దాటి రావాలని అర్థం. ఒక చెరువులో వాడిన వలనూ పడవనూ కడిగి ఆరబెట్టకుండా మరో చెరువులో దించకూడదు.

మూడు, మొదటి చదరపు మీటరు. చెరువు మీద రోజూ ఉండేది మత్స్యకారుడు, నీరటి. కొత్త మొక్క, కొత్త చేప కనిపిస్తే వాళ్లు ఎవరికి చెప్పాలి? నీటిపారుదల, మత్స్య, మున్సిపల్, పంచాయతీ శాఖల్లో ఎవరు కదలాలి? దీనికి ఒకే జవాబు ఉండాలి. లేకపోతే ద్వంద్వ పాలన మరో పేరుతో సాగుతున్నట్టే.

నాలుగు, నీటి నాణ్యత. మురుగు శుద్ధి చేయడం, నీటి ప్రవాహానికి అడ్డంకులు తీయడం.

అంతర్జాతీయ కోణానికి: 1992 జీవవైవిధ్య ఒప్పందం ఆర్టికల్ 8(హెచ్). 2022 కున్మింగ్-మాంట్రియల్ ఒప్పందం లక్ష్యం 6 ప్రకారం, 2030 నాటికి ఆక్రమణ జాతుల ప్రవేశం, స్థిరపడటం కనీసం 50 శాతం తగ్గాలి. 2023 ఐపీబీఈఎస్ నివేదిక ప్రకారం ప్రపంచంలో 3,500కు పైగా హానికర ఆక్రమణ జాతులున్నాయి, నివారణే అన్నిటికంటే తక్కువ ఖర్చుతో కూడిన మార్గం.

చివరగా నా సంగతి ఒకటి. నాలుగో తరగతి సెలవుల్లో అమ్మమ్మ వాళ్ల ఊరి కాలువలో ఊదా పువ్వు చూసి ముచ్చటపడి, మొక్కను తడిగుడ్డలో చుట్టి బస్సులో మా ఊరికి తెచ్చాను. పెరట్లో సిమెంటు తొట్టిలో వేశాను. ఆ వానాకాలం తొట్టి పొంగి నీళ్లు మోరీలోకి పోయాయి. మా మోరీ చెరువులో కలుస్తుంది. ఇవాళ మా ఊరి చెరువు నిండా డెక్కే. అది నా మొక్క నుంచే వచ్చిందని చెప్పలేను. రాలేదనీ చెప్పలేను. ఆ రోజు "ఇది చెరువు దగ్గరికి పోనీయకు బాబూ" అని చెప్పే పెద్దమనిషి ఒక్కరున్నా సరిపోయేది. రేపు మనలో కొందరం ఆ చెప్పే స్థానంలో, మండలంలోనో జిల్లాలోనో, కూర్చోబోతున్నాం.

సాధన ప్రశ్న: "ఆక్రమణ జాతుల విషయంలో వలస పాలన వైఫల్యం విజ్ఞానం లేక కాదు, సకాలంలో నిర్ణయం లేక." బెంగాల్ అనుభవం ఆధారంగా 250 పదాల్లో చర్చించండి. రాసి ఎవరైనా మిత్రుడితో దిద్దించుకోండి. ఎర్ర సిరా చూసి మాత్రం నాలాగా కోప్పడకండి.